ఫిఫ్త్ వీల్‌కి ఏ ట్రక్ తీసుకోవాలి? లాగే బరువు కన్నా ముందు మోసే బరువు చూడండి

"మా ట్రక్ పదకొండు వేల పౌండ్లు లాగుతుందట. తొమ్మిది వేల పౌండ్ల ఫిఫ్త్ వీల్ తీసుకుందామనుకుంటున్నాం, సరిపోతుందిగా?" డాలస్ చుట్టుపక్కల కొత్తగా క్యాంపింగ్ మొదలుపెడుతున్న మన కుటుంబాలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఫిఫ్త్ వీల్ అంటే పడకగదితో సహా చిన్న ఇల్లులా ఉండే పెద్ద క్యాంపింగ్ ట్రైలర్. డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు పడే స్తంభం మీద ఉన్న పసుపు స్టిక్కర్ ఫోటో తీసి పంపమంటాను. ఆ ఫోటో చూశాక చాలాసార్లు "సరిపోదండీ" అనే చెప్పాల్సి వస్తుంది. అప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లకి ఆ మాట చెప్పడం నాకే బాధగా ఉంటుంది. అందుకే కొనకముందు చూసుకోవాల్సినవన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు ఈ ట్రైలర్ సంగతి. మామూలు ట్రావెల్ ట్రైలర్‌ని ట్రక్ బంపర్ కింద ఉండే హిచ్‌కి, అంటే ట్రైలర్‌ని పట్టుకునే కొక్కేనికి, తగిలిస్తాం. ఫిఫ్త్ వీల్ అలా కాదు. దాని ముందు భాగం మెడ చాచినట్టు ట్రక్ బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) మీదకి వస్తుంది. అడుగున ఉండే కింగ్ పిన్ అనే లావాటి ఇనుప పిన్ను, బెడ్‌లో బిగించిన హిచ్‌లోకి వచ్చి లాక్ అవుతుంది. ఆ హిచ్ వెనక ఇరుసుకి సరిగ్గా పైన గానీ, కొన్ని అంగుళాలు ముందు గానీ ఉంటుంది. పక్క నుంచి పెద్ద లారీ దూసుకెళ్లినా, ఓక్లహోమా గాలి అడ్డంగా కొట్టినా ఫిఫ్త్ వీల్ పెద్దగా ఊగకపోవడానికి కారణం ఇదే. ఆ నిలకడకి మనం చెల్లించే మూల్యం బరువు. ట్రావెల్ ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్ మీద వేస్తే, ఫిఫ్త్ వీల్ 15 నుంచి 25 శాతం వేస్తుంది. సామాన్లు సర్దాక చాలావాటికి 20 శాతం పైనే వస్తుంది. దీన్నే పిన్ వెయిట్ అంటారు.

మా తాతయ్య వరిమోపులు బండికెత్తించేటప్పుడు నొగల దగ్గరే నిలబడేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తుంది. ముందు బరువెక్కువైతే కాడి మెడ మీద కూర్చుంటుంది. ఎంత సత్తువున్న ఎద్దయినా మెడ మీద మోయగలిగినదానికి ఒక హద్దుందని ఆయన లెక్క, అందుకే మోపులు ముందుకీ వెనక్కీ జరిపించేవాడు. ట్రక్‌కి కూడా ఆ రెండు హద్దులూ వేరు వేరు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది లాగే హద్దు. ఫిఫ్త్ వీల్ విషయంలో ముందుగా దాటిపోయేది మోసే హద్దు, అంటే పేలోడ్.

మాకు జరిగింది

మేము మొదట కొన్నది హాఫ్ టన్ ట్రక్, అంటే కింద చెప్పబోయే మూడు తరగతుల్లో చిన్నది. ఇరవై ఎనిమిది అడుగుల ఫిఫ్త్ వీల్, "హాఫ్ టన్ ట్రక్‌తో లాగొచ్చు" అని దాని మీదే రాసుంది. ట్రక్ అమ్మినాయన బ్రోచర్ తీసి 11,300 పౌండ్లు లాగుతుందని చూపించాడు. ట్రైలర్ గరిష్ఠ బరువు 9,995. ఇంకా పదమూడు వందలు మిగిలే ఉందిగా అనుకున్నాం. స్టిక్కర్ గురించి ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

మొదటి ప్రయాణంలోనే ట్రక్ వెనక భాగం కుంగింది. సాయంత్రం హెడ్‌లైట్లు రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పడుతున్నాయి, ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొట్టి హెచ్చరిస్తున్నారు. స్టీరింగ్ చేతిలో తేలిపోతున్నట్టుగా ఉంది, ఎందుకంటే వెనక కుంగితే ముందు చక్రాల మీద బరువు తగ్గుతుంది. మావారు డ్రైవింగ్ చేస్తున్నారు, పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోతున్నారు. నేను అద్దంలో ట్రైలర్‌నే చూస్తూ కూర్చున్నాను. ఆ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ అరచేతులకి చెమట పడుతుంది.

మర్నాడు ట్రక్ స్టాప్‌లో ఉన్న క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూయించాం. వెనక ఇరుసు మీద 4,480 పౌండ్లు. దానికి కంపెనీ ఇచ్చిన హద్దు 4,050. ట్రైలర్ మొత్తం బరువు 8,900 మాత్రమే, అంటే లాగే హద్దుకి ఎంతో లోపలే ఉన్నాం. కానీ పిన్ వెయిట్ 1,790, మా నలుగురం 470, హిచ్ 120, బెడ్‌లో సామాన్లు 150. అన్నీ కలిపి 2,530. స్టిక్కర్ మీద ఉన్నది 1,560.

తలుపు మీది స్టిక్కర్ ఎలా చదవాలి

పసుపు తెలుపు రంగుల్లో, టైర్ల గాలి వివరాలు ఉండే స్టిక్కర్ అది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు దాటకూడదని ఒక వాక్యం ఉంటుంది. ఆ అంకే మీ ట్రక్ పేలోడ్. కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపించే అంకె ఆ మోడల్‌లో అన్నిటికన్నా తేలికైన ట్రక్‌ది. వెనక సీట్లు చిన్నవి, టూ వీల్ డ్రైవ్, ఏ హంగూ ఉండదు. మీరు కొనబోయేదానికి నాలుగు తలుపులు, ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, లెదర్ సీట్లు, అడుగుపెట్టి ఎక్కే రన్నింగ్ బోర్డులు ఉంటాయి. వాటి బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. ఒకే ఏడాది, ఒకే ఇంజన్ ఉన్న రెండు ట్రక్కుల మధ్య ఆరేడు వందల పౌండ్ల తేడా ఉండటం మామూలే. అందుకే మోడల్ పేరు చూసి లెక్క వేయకండి, ఎదురుగా ఉన్న ట్రక్ స్టిక్కర్ చూసి వేయండి.

అదే స్తంభం మీద ఇంకో లేబుల్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది. మనుషులు, సామాను, పిన్ వెయిట్ అన్నీ ఎక్కాక ట్రక్ మొత్తం బరువు దాటకూడని హద్దు అది. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒక్కొక్కటీ ఎంత మోయాలో కూడా అక్కడే విడిగా ఉంటుంది. ఫిఫ్త్ వీల్ లాగేవాళ్లు వెనక ఇరుసు అంకెని తప్పకుండా రాసుకోవాలి. ఎందుకంటే పిన్ బరువు దాదాపు అంతా దాని మీదే పడుతుంది.

లాగే హద్దు అబద్ధమని నా ఉద్దేశం కాదు. దానికి ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ పెట్టిన జే2807 అనే ప్రమాణం ఉంది. ఆరిజోనాలో బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డామ్ ఎక్కుడుని కొలమానంగా పెట్టుకుని, ఎండాకాలంలో ఏసీ వేసుకుని, ట్రైలర్‌తో నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కగలగాలి. గట్టి పరీక్షే. కాకపోతే అందులో ట్రక్‌లో ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 150 పౌండ్లు అనే లెక్క ఉంటుంది. మన ఇళ్లలో ఇద్దరు పిల్లలు, ఎండాకాలం సెలవులకి ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, కూలర్, కుక్కర్, ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా, అన్నీ కలిసే బయల్దేరతాయి.

మీ లెక్క మీరే వేసుకోండి

ట్రైలర్ బ్రోచర్‌లో రెండు బరువులు ఉంటాయి. ఒకటి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి ఖాళీ బరువు, రెండోది నింపాక దాటకూడని గరిష్ఠ బరువు. అక్కడే ఖాళీ పిన్ వెయిట్ అని ఇంకో అంకె ఇస్తారు. దాన్ని పక్కన పెట్టేయండి. బ్యాటరీలు, ప్రొపేన్ సిలిండర్లు, ముందు అరలో పెట్టే సామాను సాధారణంగా పిన్‌కి దగ్గరగానే ఉంటాయి. బట్టల అలమర, పడకగది కూడా పైన ముందుభాగంలోనే. అందువల్ల నింపేకొద్దీ పిన్ బరువు పెరుగుతుంది. నేను గరిష్ఠ బరువులో 22 శాతం తీసుకుంటాను. మీ ట్రైలర్‌లో నీళ్ల ట్యాంక్ బాగా వెనకుంటే కొంచెం తగ్గొచ్చు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. యాభై గ్యాలన్లు నింపితే నాలుగు వందల పౌండ్లు దాటుతుంది.

ఇప్పుడు మా దగ్గరున్న రెండో ట్రైలర్‌నే తీసుకుందాం. గరిష్ఠ బరువు 13,995, అంటే ఆరు టన్నుల పైమాట. అంత నిండా నింపం, 13,000 అనుకుందాం. 22 శాతం అంటే 2,860. మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తగారు కలిపి 605. హిచ్ 180. బెడ్‌లో పనిముట్లు, చిన్న జనరేటర్, కట్టెలు 200. మొత్తం 3,845. స్టిక్కర్ మీద ఇంతకన్నా తక్కువ ఉన్న ట్రక్ ఎంత బాగున్నా, ఎంత తక్కువకి వస్తున్నా అది మాకు పనికిరాదు. ఈ ఒక్క లెక్కతో లాట్‌లో ఉన్న ట్రక్కుల్లో సగానికి పైగా పక్కకి పోయాయి. వెతుకులాట తేలికైపోయింది.

ట్రక్ ముందు కొనాలా, ట్రైలర్ ముందా? ట్రైలర్ ముందు ఖాయం చేసుకోండి. కొనక్కర్లేదు, ఏది కావాలో తేల్చుకుంటే చాలు. ట్రక్ ఇప్పటికే ఉంటే, స్టిక్కర్ అంకెలోంచి మనుషులూ హిచ్చూ సామానూ తీసేసి, మిగిలినదాన్ని 0.22తో భాగించండి. వచ్చేది మీరు కొనగలిగే ట్రైలర్ బరువు. చాలా హాఫ్ టన్ ట్రక్కులకి నాలుగైదు వేల పౌండ్ల దగ్గర ఆగిపోతుంది. అంత తేలికైన ఫిఫ్త్ వీల్ దొరకడం కష్టం.

హాఫ్ టన్, త్రీ క్వార్టర్, వన్ టన్

ఈ పేర్లు పాతకాలం నుంచి వస్తున్నవి. ఇప్పటి ట్రక్కులు మోసే బరువుకీ వీటికీ సంబంధం లేదు, తరగతులుగా మాత్రమే వాడుతున్నారు.

హాఫ్ టన్ అంటే ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో 1500, రామ్ 1500, టొయోటా టండ్రా లాంటివి. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి హాయిగా ఉంటాయి. పేలోడ్ ఎక్కువగా 1,300 నుంచి 2,000 మధ్య. నాలుగు తలుపులవాటిలో చాలావరకు బెడ్ ఐదున్నర అడుగులే. ఫిఫ్త్ వీల్‌కి అది మరీ పొట్టి. ట్రావెల్ ట్రైలర్‌కి ఇవి మంచి ట్రక్కులు, ఫిఫ్త్ వీల్‌కి నేను వీటిని సిఫారసు చేయను. ఎలక్ట్రిక్ పికప్‌లు కూడా ఈ పనికి ఇంకా రాలేదు. బరువైన ట్రైలర్ కడితే వాటి రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది.

త్రీ క్వార్టర్ టన్‌లో ఎఫ్-250, 2500హెచ్‌డీ, రామ్ 2500. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. చూడ్డానికి భారీగా ఉంటాయి, అందులో డీజిల్ ఉంటే ఇల్లు కూడా లాగేస్తుందేమో అనిపిస్తుంది. కానీ ఈ తరగతి ట్రక్కులు చాలావాటికి జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్ల దగ్గరే పెడతారు. ఆ అంకె దాటితే ప్రభుత్వ లెక్కల్లో వాహనం పై తరగతిలోకి వెళ్లిపోతుంది. డీజిల్ ఇంజన్ గ్యాస్ (అంటే పెట్రోల్) ఇంజన్ కన్నా కొన్ని వందల పౌండ్లు బరువు. హద్దు అదే, ఇంజన్ బరువెక్కింది, ఇక తగ్గేది పేలోడే. హంగులన్నీ ఉన్న త్రీ క్వార్టర్ టన్ డీజిల్ స్టిక్కర్ మీద రెండు వేల చుట్టూ అంకె చూసి నిర్ఘాంతపోయినవాళ్లు నాకు తెలుసు. అదే తరగతిలో సాదా గ్యాస్ ట్రక్‌కి మూడు వేలు దాటుతుంది. తొమ్మిదిన్నర వేల పౌండ్లలోపు ఫిఫ్త్ వీల్, నలుగురు మనుషులు అయితే త్రీ క్వార్టర్ టన్ గ్యాస్ ట్రక్ చక్కటి ఎంపిక. డబ్బూ ఆదా అవుతుంది.

వన్ టన్ అంటే ఎఫ్-350, 3500హెచ్‌డీ, రామ్ 3500. పక్కపక్కన పెడితే త్రీ క్వార్టర్‌కీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. అదే క్యాబ్, అవే ఇంజన్లు, అదే సౌకర్యం. కింద స్ప్రింగులు గట్టివి, జీవీడబ్ల్యూఆర్ ఎక్కువ. రామ్‌లో అయితే 2500కి వెనక కాయిల్ స్ప్రింగులు, 3500కి కమాన్ పట్టీలు. కొత్త ట్రక్‌లో రెండింటి ధర తేడా మొత్తం ధరతో పోలిస్తే చిన్నదే. పేలోడ్ మాత్రం ఒక్కసారిగా మూడున్నర నుంచి నాలుగున్నర వేల వరకు వెళ్తుంది. డీజిలే కావాలని మనసులో ఉంటే త్రీ క్వార్టర్ దగ్గర ఆగకండి, వన్ టన్ తీసుకోండి. ఈ మొత్తం వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఇదే.

ఒక్క విషయం. వెనక కుంగితే స్ప్రింగుల దగ్గర గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించుకోమని చాలామంది సలహా ఇస్తారు. అవి ట్రక్‌ని సమానంగా నిలబెడతాయి, కుదుపు తగ్గిస్తాయి. ఇరుసు, చక్రాలు, బ్రేకులు పాతవే కాబట్టి మోసే హద్దు ఒక్క పౌండ్ కూడా పెరగదు.

వెనక రెండు చక్రాలా, నాలుగా?

వన్ టన్‌లో వెనక నాలుగు చక్రాలుండేదాన్ని డ్యూయలీ అంటారు. జీవీడబ్ల్యూఆర్ 14,000 వరకు ఉంటుంది, పేలోడ్ ఐదు వేలు దాటుతుంది. పదిహేను వేల పౌండ్ల పెద్ద ఫిఫ్త్ వీల్, మూడు ఇరుసులది, ఏడాదిలో నెలల తరబడి రోడ్డు మీదే ఉండేవాళ్లది అయితే ఇంక వేరే ఆలోచన అక్కర్లేదు. పక్కగాలికి అది కూర్చున్నట్టు కదలకుండా వెళ్తుంది. ఒక టైరు పేలినా పక్కది మోస్తుంది.

ఊళ్లో సంగతి వేరు. వెనక వెడల్పు ఎనిమిది అడుగులు. డ్రైవ్ త్రూలో ఇరుకు, మామూలు కార్ వాష్‌లో పట్టదు, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో శనివారం సాయంత్రం పెట్టాలంటే దూరంగా చివర చోటు వెతుక్కోవాలి. ఆరు టైర్లు మార్చాలి, లోపలి టైర్లలో గాలి చూడటం చేతికి అందని పని. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపే ట్రక్ ఇదే అయితే నాలుగు రోజుల్లోనే విసుగొస్తుంది. టోల్ విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. ఇరుసుల్ని బట్టి లెక్క వేసే చోట డ్యూయలీకి కూడా రెండు ఇరుసులే.

మా పిన్ వెయిట్ మూడు వేలలోపు. అందుకని రెండు చక్రాల వన్ టన్ తీసుకున్నాం. మీ లెక్కలో పిన్ వెయిట్ ఒక్కటే మూడు వేలు దాటుతుంటే డ్యూయలీ వైపే చూడండి.

గ్యాసా, డీజిలా

గ్యాస్ అంటే ఇక్కడ పెట్రోలే. ఫోర్డ్‌లో 7.3 లీటర్ల వీ8, జీఎంలో 6.6 లీటర్ల వీ8, రామ్‌లో 6.4 హెమీ. డీజిల్ వైపు ఫోర్డ్ పవర్ స్ట్రోక్, జీఎం డ్యూరామాక్స్, రామ్ కమిన్స్. మూడింట్లో ఏది గొప్పదనే వాదన ఎంతసేపైనా నడుస్తుంది, నేను అందులోకి పోను. మీ ఊళ్లో ఎవరి సర్వీస్ సెంటర్ బాగుందో చూసుకోండి, అది చాలు.

డీజిల్‌కి కొత్త ట్రక్‌లో సుమారు పది వేల డాలర్లు అదనం. ఆయిల్ మార్చినప్పుడల్లా ఖర్చు ఎక్కువ, ఫ్యూయల్ ఫిల్టర్లు మార్చాలి, పొగని శుభ్రం చేయడానికి డెఫ్ అనే ద్రవం పోస్తుండాలి. దగ్గరదగ్గర తిరుగుళ్లకే వాడితే పొగగొట్టంలో ఉండే ఫిల్టర్‌లో మసి పేరుకుని రిపేర్లు వస్తాయి. ఏడాదికి నాలుగైదు సార్లు, రెండు మూడు గంటల దూరంలో ఉన్న చెరువు ఒడ్డుకి వెళ్లొచ్చే కుటుంబానికి, నేల చదునుగా ఉండే తూర్పు టెక్సాస్‌లో తిరిగేవాళ్లకి గ్యాస్ ట్రక్ చాలు. ఆ పది వేలు ఆదా చేసుకోండి.

మేము డీజిల్ తీసుకోవడానికి కారణం కొలరాడో. హైవే 287 మీదుగా అమరిల్లో దాటి, డాల్‌హార్ట్, క్లేటన్ మీదుగా రటోన్ చేరి, అక్కడ ఐ-25 ఎక్కితే రటోన్ పాస్ 7,834 అడుగులు. డెన్వర్ దాటి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం 11,158 అడుగులు. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని గ్యాస్ ఇంజన్ వెయ్యి అడుగులకి దాదాపు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. సొరంగం దగ్గరికి వచ్చేసరికి మూడో వంతు పోయినట్టే. టర్బో ఉన్న డీజిల్‌కి ఆ లోటు చాలా తక్కువ. అలాగని గ్యాస్ ట్రక్ ఎక్కలేదని కాదు. కుడి లేన్‌లో, ఇంజన్ గట్టిగా అరుస్తుండగా, లారీల వెనకే నెమ్మదిగా ఎక్కుతుంది. ఏడాదికి ఒకసారైతే భరించొచ్చు.

నాకు ఎక్కడం కన్నా దిగడమే ముఖ్యం. సొరంగం దాటి సిల్వర్‌థార్న్ వైపు రోడ్డు 7 శాతం వాలులో దిగుతుంది. వెనక పదమూడు వేల పౌండ్లు తోస్తుంటాయి. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది. మీట నొక్కితే పొగ వెళ్లే దారిని బిగించి ఇంజన్నే బ్రేక్‌గా మారుస్తుంది. మొదటిసారి ఆ దిగుడులో నేనే నడిపాను. స్పీడ్ 45 దగ్గర పెట్టుకున్నాను, అదే అంకె మీద ట్రక్ బుసకొట్టుకుంటూ దిగింది. కిందకి చేరేదాకా కాలితో బ్రేక్ వేసింది మూడే సార్లు. గ్యాస్ ఇంజన్ కూడా తక్కువ గేర్‌లో ఆపుతుంది కానీ ఇంత గట్టిగా ఆపలేదు, బ్రేకులు వేడెక్కకుండా మనమే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కొండలకి తరచుగా వెళ్లేవాళ్లకి డీజిల్ అదనపు ధర ఆ దిగుళ్లలోనే గిట్టుబాటవుతుంది.

బెడ్ పొడవు, హిచ్

ఎనిమిదడుగుల లాంగ్ బెడ్ ఉంటే ఫిఫ్త్ వీల్‌కి ఏ చిక్కూ లేదు. ఆరున్నర అడుగుల షార్ట్ బెడ్‌లో మాత్రం, బాగా మలుపు తిప్పి వెనక్కి వెళ్లేటప్పుడు ట్రైలర్ ముందు మూల క్యాబ్ వెనక అద్దానికి తగలొచ్చు. అద్దం పగలడమే కాదు, క్యాబ్ రేకు కూడా నొక్కుకుపోతుంది. దీనికి స్లైడింగ్ హిచ్ ఉంది. కొన్నిటిని ఇరుకు మలుపుకి ముందే దిగి లాగి వెనక్కి జరపాలి, కొన్ని తిప్పుతుంటే వాటంతటవే జరుగుతాయి. వాటంతటవే జరిగేవి బరువు, ఖరీదు ఎక్కువ. ట్రైలర్ ముందు మూలలు లోపలికి చెక్కినట్టుంటే మామూలు హిచ్‌తో కూడా సరిపోవచ్చు కానీ, ఖాళీ పార్కింగ్‌లో ఒకరు పక్కన నిలబడి చూస్తుండగా అంగుళం అంగుళంగా తిప్పి పరీక్షించాకే నమ్మండి. నాలుగు తలుపుల లాంగ్ బెడ్ ట్రక్ ఇరవై రెండు అడుగులుంటుంది, మామూలు గరాజ్‌లో పట్టదు. షార్ట్ బెడ్ కూడా చాలా గరాజ్‌లలో పట్టదు కాబట్టి గరాజ్ కోసమని షార్ట్ బెడ్ తీసుకునే ముందు టేపుతో కొలవండి.

వాడిన ట్రక్ కొంటుంటే బెడ్ నేలలో హిచ్ బిగించే పక్ రంధ్రాలు ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయేమో చూడండి. ఉంటే హిచ్ దింపి నాలుగు మూలలు తిప్పితే బిగిసిపోతుంది. లేకపోతే పట్టాలు వేయించడానికి వేరే ఖర్చు. ట్రైలర్ కట్టాక దాని అడుగుకీ బెడ్ పక్క గోడలకీ మధ్య ఆరంగుళాలు ఖాళీ ఉండాలి. ఇప్పటి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులు ఎత్తు పెరిగాయి, పాత ట్రైలర్లు కట్టినప్పుడు ఇది ఇబ్బందవుతుంది.

లైసెన్స్ సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు. టెక్సాస్‌లో ట్రక్, ట్రైలర్ గరిష్ఠ బరువు హద్దులు (జీవీడబ్ల్యూఆర్) కలిపి 26,000 పౌండ్లు దాటి, ట్రైలర్ ఒక్కటే 10,000 దాటితే మామూలు క్లాస్ సీ లైసెన్స్ చాలదు, వ్యాపారానికి కాని క్లాస్ ఏ కావాలి. మా ట్రక్ 12,300, ట్రైలర్ 13,995. మేమిద్దరం రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రాసి తీసుకున్నాం. కాలిఫోర్నియాలో ఫిఫ్త్ వీల్ 10,000 నుంచి 15,000 మధ్య ఉంటే లైసెన్స్ మీద అదనపు ఆమోదం, 15,000 దాటితే క్లాస్ ఏ. మీ రాష్ట్రం నియమం ట్రైలర్ కొనకముందే చూసుకోండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు కూడా. మా కాలనీలో ట్రైలర్ ఇంటి ముందు పెట్టనివ్వరు, నెలకి అద్దె కట్టి స్టోరేజ్ లాట్‌లో పెడుతున్నాం.

కొన్నాక మొదటి ప్రయాణంలోనే తూయించండి. క్యాట్ స్కేల్ మీద ముందు చక్రాలు ఒక పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, ట్రైలర్ చక్రాలు మూడో పలక మీద వచ్చేలా ఆపాలి. చీటీ తీసుకుని, ట్రైలర్ పక్కన విప్పి, మనుషులు దిగకుండా ట్రక్ ఒక్కదాన్నీ మళ్లీ తూయించాలి. మా చీటీ ఇప్పటికీ డాష్‌బోర్డ్ అరలోనే ఉంది. ముందు ఇరుసు 4,860, వెనక ఇరుసు 6,790, ట్రైలర్ ఇరుసులు 10,120. ట్రక్ ఒక్కటీ 8,950. ముందూ వెనకా కలిపితే 11,650, ట్రక్ హద్దు 12,300. అందులోంచి 8,950 తీసేస్తే పిన్ వెయిట్ 2,700. ట్రైలర్ మొత్తం 12,820లో అది 21 శాతం. వెనక ఇరుసు హద్దు 7,000, దానికి మిగిలింది 210. అంత తక్కువే మిగిలిందని చూసి, జనరేటర్‌ని ట్రక్ బెడ్‌లోంచి తీసి ట్రైలర్ వెనక అరలోకి మార్చాం.